పెద్దబుర్రని ఏమడగాలి

జ్యేష్ఠ శుద్ధ పంచమి. గాలి నైరుతి, బద్ధకంగా ఉంది. అల పాదం తడిపేంత. వీరవేణి తిన్నది: పెరుగన్నం, పిచ్చుక తిన్నంత.

నా తరవాత ఈ కుర్చీలో కూర్చోబోయే అమ్మకో అయ్యకో ముందుగా ఒక మాట. కుర్చీకి ఎడమ కాలు పొట్టి. కింద చెక్క ముక్క పెట్టుకోండి. మిగతావన్నీ నెమ్మదిగా చెబుతాను.

ప్రశ్నల సంఘంలో చేరినవాళ్ళు ఇలా దినచర్య రాసి, మళ్ళీ మన లంకకి వంతు వచ్చినప్పుడు చేరబోయేవాళ్ళకి వదిలి వెళ్ళాలట. పోయిన వంతులో ఈ కుర్చీలో కూర్చున్నాయన నాకు వదిలింది ఒకటే వాక్యం. 'పెద్దవాళ్ళు మాట్లాడారు, మేం తలూపాం, టీ బాగుంది.' నేను అంత పొదుపరిని కాను.

నా పేరు పెమ్మాడి కాశీరావు. ఒంట్లో సత్తువున్నన్నాళ్ళూ సరంగుని, అంటే పంటు అనే వెడల్పాటి బల్లకట్టు నడిపేవాణ్ణి. మీ కాలానికి సముద్రం మనసు మార్చుకుని వెనక్కి పోయి, మీరు నేల మీద కూర్చుని ఇది చదువుతున్నారేమో, అందుకని చెబుతున్నాను: మా ఊరు తేలుతుంది. ఇల్లొక పంటు, వంటశాలొక పంటు, ఆసుపత్రొక పంటు, అన్నీ ఒకదానికొకటి గొలుసులతో కట్టి ఉంటాయి. పేరుకి మాత్రం లంక.

నేను బడికి వెళ్ళింది తక్కువ. మునిగిన ఒక కాలేజీ మేడ మీంచి మా నాన్న ఎత్తుకొచ్చిన విజ్ఞాన సర్వస్వమే నా గురువు. 'అ' నుంచి 'ప' దాకా సంపుటాలు పొడిగా దొరికాయి, మిగతావి సముద్రం చదువుకుంది. అందువల్ల ఒంటెల గురించీ, ఖగోళం గురించీ, చక్రవర్తుల గురించీ ఎవరడిగినా గంటసేపు చెప్పగలను. రైళ్ళు, వజ్రాలు, సింహాలు నాకు ఇప్పటికీ వినికిడే. క్యాన్సరు 'క'లో ఉంది కాబట్టి, నా భార్య వీరవేణికి ఆ జబ్బు అని తెలిసిన వారంలో ఆ వ్యాసం మొత్తం ఆమెకి చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విని, "ఇందులో నేనెక్కడున్నాను మావా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర సంపుటం లేదు.

ఇక పెద్దబుర్ర సంగతి. తీరం వెంట తేలే ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న ఆలోచనా యంత్రం అది. సముద్రం అడుగున చల్లగా కూర్చుని ఉంటుంది. ఎక్కడెక్కడి ఆసుపత్రుల అనుభవాన్నీ కలిపి నమిలి, ఎవరూ తేల్చలేని సంగతి తేల్చి చెబుతుంది. కాకపోతే దానికి కరెంటు ఆకలి ఎక్కువ. వర్షాకాలంలో అలల కరెంటు దండిగా ఉన్నప్పుడే పూర్తిగా మేలుకుంటుంది. వర్షాకాలానికి ఒక ఊరు, ఒక ప్రశ్న. మన వంతు మళ్ళీ వచ్చేసరికి ఒక తరం మారిపోతుంది.

పోయిన వంతులో మా పరిశోధనశాల పెద్దలు చాలా లోతైన ప్రశ్న అడిగారు. చాలా గొప్ప జవాబు వచ్చింది. దాని పుణ్యమా అని ఎలుకలకి వచ్చే ఒక రకం క్యాన్సరు ఇక ఎప్పటికీ రాదు. మా లంకలో ఎలుకలు లేవు. పక్క లంకలో ఉన్నవి మాత్రం ఎంతో ఆరోగ్యంగా ఉన్నాయని విన్నాను.

అప్పుడే ఊరు మేల్కొంది. ఈసారి ప్రశ్నని తేల్చేది జబ్బు పడ్డవాళ్ళూ, వాళ్ళని చూసుకునేవాళ్ళూ. పరిశోధకులు కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, చెయ్యెత్తకూడదు. ఇంటికొకరే. వీరవేణి తనకి మీటింగులు పడవనీ, నాకైతే వినేవాళ్ళు దొరుకుతారనీ చెప్పి నన్ను తోసింది.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి. గాలి లేదు. అల లేదు. వీరవేణి తిన్నది: అడగొద్దు.

ఇవాళ తూకం రోజు. తేలే ఊళ్ళో మనిషిని తూచడం అంటే మాటలు కాదు. కింద నేల కదులుతుంటుంది గనక, కాటా కాసేపు అలల్ని విని, సర్దుకుని, అప్పుడు చెబుతుంది. ఆ కాటాకి ఒక ఎర్రగీత ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం మాట్లాడుకోకుండా ఉండే సంగతి అదే.

వీరవేణికి ఇస్తున్నది చినుకు మందు. నరంలోకి బొట్టుబొట్టుగా ఎక్కుతుంది. ఏడు విడతలు. నాలుగు అయ్యాయి. మనిషి బరువు ఎర్రగీత కిందికి జారితే ఒళ్ళు ఆగలేదని తరవాతి విడత ఆపేస్తారు. ఎక్కువ కాలం ఆపితే లోపల పడుకున్న జబ్బు లేస్తుంది. కాబట్టి మా సమస్య మందు కాదు, అన్నం. ఆమె తినదు.

ఇవాళ కాటా ఎక్కింది. ముల్లు గీతకి చాలా పైన నిలబడింది. నర్సమ్మ మెచ్చుకుంది. నేను ఆనందంతో ఒంటెల గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టాను. వీరవేణి కాటా దిగింది. దిగడంలో చీర కుచ్చిళ్ళలోంచి ఏదో ఠంగుమని నేల మీద పడింది. దాని వెనక ఇంకొకటి. అవి నా వల అంచుకి కట్టే సీసం గుళ్ళు.

నర్సమ్మ వంగి ఒకటి చేతిలోకి తీసుకుని, ఇదేంటని అడిగింది.

"మా ఆయనవే గదండీ," అంది వీరవేణి, ఏమాత్రం తొణకకుండా. "మా ఇంటి బరువులోకే వస్తాయి."

నర్సమ్మకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. కానీ గుళ్ళు తీసి మళ్ళీ తూచాక ముగ్గురం నవ్వు ఆపాం. ముల్లు గీత మీద వేలెడు ఎత్తులో ఉంది, అంతే.

ఇంటికి రాగానే సంఘానికి నా ప్రశ్న రాసి పంపేశాను: మందు పడేవాళ్ళకి తిండి ఎందుకు సయించదు, ఏం చేస్తే సయిస్తుంది. ఈ సంగతి తెలిసి వీరవేణి గోడ వైపు తిరిగి పడుకుంది. "నా నాలుక సంగతి ఊరందరికీ చాటావన్నమాట," అంది. "నన్నొక్క మాట అడిగావా?"

అడగాల్సింది ఏముందనుకున్నాను. రోజూ చూస్తున్నది నేనే కదా.

జ్యేష్ఠ పూర్ణిమ. గాలి నైరుతి, కాస్త బలం పుంజుకుంది. అల మోకాలెత్తు. వీరవేణి తిన్నది: అరటిపండు, సగం.

మొదటి సమావేశం. అసలు విషయానికి ముందు తాళ్ళ సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు.

రెండు పంట్లు ఆనుకునేటప్పుడు మన తాడు మనం కట్టుకోం. మన తాడు వాళ్ళకి విసురుతాం, వాళ్ళు తమ గుంజకి కడతారు. వాళ్ళ తాడు మనం అందుకుని మన గుంజకి కడతాం. నేను వేసిన ముడి ఊడితే కొట్టుకుపోయేది అవతలివాడి పంటు, పరువు పోయేది నాది. అందుకని సరంగనేవాడు తన తాడుకన్నా ఎదుటివాడి తాడే గట్టిగా కడతాడు. ఇది మా ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ఈ సంఘంలో కూడా అదే పెట్టారు. ఎవరి ప్రశ్నకి వాళ్ళు వాదించుకోకూడదు. చీటీలు తీస్తారు. ఎవరి ప్రశ్న మన చేతికొస్తే వాళ్ళింటికి వెళ్ళి, తెలుసుకుని, వాళ్ళ తరఫున మనం నిలబడాలి.

నా ప్రశ్న రేవు మంగతాయారు చేతికి వెళ్ళింది. ఆమె ప్రశ్న నా చేతికొచ్చింది. మంగతాయారు మంచువలల మేస్త్రీ. స్తంభాల మీద కట్టిన వలలకి రాత్రంతా పట్టిన మంచు తెల్లారి తొట్టెల్లోకి కారుతుంది, మేం తాగేవి ఆ నీళ్ళే. ఆమెకీ ఇదే జబ్బు వచ్చి తగ్గింది. చీటీ విప్పి చదివాను. 'ఆఖరి విడతలు ఎవరికి అక్కర్లేదు?'

మళ్ళీ చదివాను. ఇంటి దగ్గర నేను ఒక్క విడత కూడా ఆగిపోకూడదని గీతకేసి చూస్తూ బతుకుతున్నాను. ఇక్కడ నిలబడి, కొందరికి ఆపేయండి అని వాదించాలట. చీటీ మార్చమని అడిగాను. పరిశోధనశాల తరఫున కూర్చున్న డాక్టర్ నసీమా గారు నవ్వి, "బాబాయ్ గారూ, తాడు మీ పంటు మీదికి వచ్చేసిందండీ," అంది. ఆ పిల్ల సరంగుల వీధిలో పెరిగింది, ఆమెతో ఇలాంటి విషయాల్లో గెలవలేం.

జ్యేష్ఠ బహుళ తదియ. గాలి నైరుతి. అల మోకాలెత్తు. వీరవేణి తిన్నది: రెండు ముద్దలు, నా ముఖం చూసి.

మంగతాయారు ఇంటికి వెళ్ళాను. దారిలో గొలుసు వంతెన మీద ఆగి, కొంగలు ఒంటికాలి మీద ఎందుకు నిలబడతాయో ఒక పెద్దాయనకి వివరించాను. వెళ్ళడం ఇష్టం లేకపోతే నాకు ఇలాంటివి గుర్తొస్తాయి.

ఆమె వల ఒళ్ళో వేసుకుని కూర్చుంది. చిరుగు వెతుకుతోంది. కళ్ళతో వెతుకుతోంది. మంచువల నేసేవాళ్ళు చిరుగుని వేళ్ళతో వెతుకుతారు, ఆ దారం కంటికి ఆనదు. అడిగితే చేతులు చాపి చూపించింది. చూడ్డానికి మామూలు చేతులే.

"జబ్బు పోయింది అన్నయ్యా, దండం పెట్టుకుంటాను," అంది. "మూడో విడతకే కనపడకుండా పోయింది. మరి మిగతావి ఎందుకండీ అంటే, కొందరికి మళ్ళీ లేస్తుంది, ఎవరికి లేస్తుందో తెలీదు, అందుకని అందరికీ ఏడేనమ్మా అన్నారు. ఆ మిగతావి నా వేళ్ళు పట్టుకుపోయాయి. ఇప్పుడు నిప్పు ముట్టుకున్నా, నీళ్ళు ముట్టుకున్నా ఒకటే."

నాకు జాలి వేసింది, దానితోపాటు కోపం కూడా వచ్చింది. ఎవరికో చాలని చెప్పి ఆపేశాక జబ్బు లేస్తే ఎవరు పూచీ అని అడిగాను.

"అందుకే కదా అడగమంటున్నాను," అంది. "ఊహించమనట్లేదు."

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద ఆ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు, కొంగల గురించి మిగతాది చెప్పమన్నాడు. నాకు గుర్తు రాలేదు.

జ్యేష్ఠ బహుళ సప్తమి. గాలి ఒక నిలకడ లేదు. అల ఎక్కువ. వీరవేణి తిన్నది: ఇడ్లీ ముక్క. నవ్వింది మాత్రం కడుపు నిండా.

ఇవాళ మంగతాయారు మా ఇంటికి వచ్చింది. నా ప్రశ్నని తను వాదించాలి కదా. నేను అన్నీ సిద్ధం చేసుకున్నాను, మొదటి విడత నుంచీ వీరవేణి ఏం తిన్నదో, ఏం తినలేదో. ఆమె నా మాటలు రెండు విని, "అన్నయ్యా, మీరు కాసేపు గాలి ఎటుందో చూసి రండి," అంది.

నా ఇంట్లోంచి నన్ను పంపేశారు. బయట చుట్టగా చుట్టిన తాడు మీద కూర్చున్నాను. లోపలి నుంచి మొదట గుసగుసలు, తరవాత నవ్వులు. ఒకసారి నా పేరు వినిపించింది, ఆ వెంటనే మరీ పెద్ద నవ్వు. నెలల తరబడి వీరవేణి అలా నవ్వడం వినలేదు. గాలి ఎటుందో చూడటం మరిచిపోయాను, అందుకే పైన అలా రాశాను.

చీకటి పడేముందు మంగతాయారు బయటికి వచ్చి చెప్పులేసుకుంటూ, "మీ ప్రశ్న తప్పు అన్నయ్యా," అంది. "వదినకి తిండి సయించకపోవడం కాదు. ఏం తిన్నా తుప్పు పట్టిన గొలుసు నాకినట్టు ఉంటుందట. మీరేమో నోటికి హితవుగా ఉంటుందని రోజురోజుకీ చప్పగా వండుతున్నారు. చప్పదనంలో తుప్పు ఇంకా పైకి తేలుతుంది. నాకూ అంతే ఉండేది."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"పొద్దున్నే లేచి, ఆవిడ చేసే పద్ధతిలోనే అన్నీ నేర్చుకుని మరీ వండుతున్నారుట కదా. మనిషి ముఖం మీద తుప్పులా ఉందని ఎలా చెబుతారండీ?"

అది నిజం. ఆమెకి ఒంట్లో బాగోలేనప్పటి నుంచీ వంట నాది. ఆమె చేసినట్టే చేస్తున్నాను. ఆమె చారు, ఆమె పప్పు, ఆమె వేసేంత ఉప్పు, ఆ తరవాత అందులో సగం. నా చేతి చారు మా ఇంట్లో నిషేధం. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి కాచాను. పడవల మీద వండుకునేవాళ్ళం చింతపండుకి భయపడం. వీరవేణి ఒక గుక్క తాగి, కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి తెరిచి, "ఇది పోస్తే లంగరు తుప్పు వదులుతుంది," అంది. అప్పటి నుంచి వంటింటి గుమ్మం దాటనివ్వలేదు.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి. గాలి నైరుతి. అల నడుమెత్తు. వీరవేణి తిన్నది: పాలు, కళ్ళు మూసుకుని.

నసీమా గారు ఒక అడ్డు చెప్పింది. 'నోరు తుప్పులా ఉంది' అంటే పెద్దబుర్రకి అర్థం కాదట. ఎంత తుప్పు, ఎప్పటి నుంచి, ఏ రుచికి ఎక్కువ, ఏ రుచికి తక్కువ, ఇలా కొలిచి ఇవ్వాలట. "ఆసుపత్రిలో జ్వరం రాస్తాం, నొప్పి రాస్తాం, రక్తం రాస్తాం. నోటి గురించి ఎప్పుడూ ఎవరినీ అడగలేదు బాబాయ్ గారూ, నేను కూడా అడగలేదు," అంది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఊరుకునే మనిషి కాదు ఆమె. వెంటనే, అయితే అడుగుదాం రండి అంది.

అలా పుట్టింది రుచుల బంతి. వంటశాల పంటు మీద, జబ్బున్నవాళ్ళందర్నీ, జబ్బు తగ్గినవాళ్ళని కూడా భోజనాల వరసలో కూర్చోబెడతారు. చూసుకునేవాళ్ళం వండాలి. ఎవరి గిన్నె ఎవరిదో తెలియకూడదు. ఇక్కడా తాళ్ళ పద్ధతే, ఎవరూ తమ మనిషికి వడ్డించకూడదు. ఒక్కొక్కరికి ఒక రుచి అప్పగించారు, అది దాగకుండా గట్టిగా తెలియాలన్నారు.

నాకు పులుపు వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత నా చారుకి ప్రభుత్వ అనుమతి.

ఆషాఢ శుద్ధ విదియ. గాలి నైరుతి, హోరు. అల నడుము దాటింది. వీరవేణి తిన్నది: కింద చెబుతాను.

పంటు ఊగుతుంటే బంతిలో గిన్నెలు ఒకవైపు జారేవి, అందరూ కాళ్ళు అడ్డం పెట్టి ఆపేవాళ్ళు. నసీమా గారు ఒక్కొక్కరి పక్కన కూర్చుని అడుగుతోంది. బుల్లెబ్బాయి అని ఒక కుర్రాడు, రెండు విడతలయ్యాయి, కాకరకాయ కషాయం గటగటా తాగి ఇది శుభ్రంగా ఉంది, ఇంకాస్త పొయ్యమన్నాడు. వాణ్ణి చూసుకునే అక్క నోరు తెరుచుకుని చూసింది. నెలల నుంచీ ఆమె వాడికి పాయసాలు చేసి పెడుతోంది. ఆ చుట్టూ ఇలాంటి ముఖాలే, మా అందరివీ. మేం వాళ్ళకి ఇష్టమైనవి వండాం. ఆ ఇష్టాలు మందు పడకముందువి.

నేను అవతలి వరసలో వడ్డిస్తున్నాను. నా చారు ఇవతలి వరసలోకి వెళ్ళింది. అక్కడ వీరవేణి ఉంది. గిన్నె అందుకుంది. వాసన చూసింది. నేను చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఒక గుక్క తాగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నాకు పెళ్ళయిన కొత్త రోజు గుర్తొచ్చింది.

తెరిచింది. గిన్నె ఎత్తి అడుగుదాకా తాగింది. తరవాత పక్కన ఉన్న అన్నం లాక్కుని, ఇంకో గిన్నె పోయించుకుని, కలుపుకుని తినడం మొదలుపెట్టింది. నసీమా గారు ఎలా ఉందమ్మా అని అడిగితే, మాట్లాడటానికి నోరు ఖాళీ లేక చెయ్యి ఊపింది. తిన్నాక అంది, "తుప్పు వదిలిందండీ. ఎవరమ్మా ఇది కాచింది?"

మంగతాయారు నన్ను వేలితో చూపించింది.

వీరవేణి నన్నూ, గిన్నెనీ మార్చి మార్చి చూసింది. ఊరంతా వింటోంది. "ఇది నా నాలుక జబ్బు మావా," అంది చివరికి. "నీ చేతి గొప్ప కాదు."

కానీ ఇవాళ్టి అసలు సంగతి అది కాదు, నాకు తప్ప. బంతి సర్దుతుండగా మంగతాయారు ఊరికే ఉండలేక, జబ్బు తగ్గినవాళ్ళ మధ్య కూర్చుని, మీకు తుప్పు ఎప్పుడు మొదలైంది, నాకు మొదటి విడతకే, మీకో, అని కబుర్లు మొదలుపెట్టింది. పక్కనే ఉన్న నసీమా గారు రాసుకుంటోంది. రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయింది. తన దగ్గరున్న పాత వివరాలతో ఒకటొకటే సరిచూసుకుంది. మొదటి విడతకే నోట్లో తుప్పు మొదలైనవాళ్ళలో చాలామందికి జబ్బు తొందరగా మాయమైంది. ఆలస్యంగా మొదలైనవాళ్ళకి ఆలస్యమైంది.

"మందు లోపల పట్టుకున్నప్పుడే నోటికి కూడా తెలుస్తోందేమో," అంది నెమ్మదిగా. "మనం కొద్దిమందిమి. ఇది కాకతాళీయం కూడా కావచ్చు. నిజమని నేను చెప్పను. కానీ ఇది ఎవరూ అడగని ప్రశ్న." చెప్పులు అక్కడే మరిచిపోయి పరిశోధనశాలకి పరిగెత్తింది. తిరిగి ఇద్దామని తీసుకుని బయల్దేరితే, మధ్యలో నాకు అర్థమైంది. నా తాడూ మంగతాయారు తాడూ ఒకే గుంజకి వచ్చి పడ్డాయి. తుప్పు ఎప్పుడు మొదలైందో చూసి, ఎవరికి ఎన్ని విడతలు చాలో చెప్పవచ్చేమో.

చెప్పుల సంగతి: అవి ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.

ఆషాఢ శుద్ధ నవమి. గాలి నైరుతి. అల మనిషెత్తు. వీరవేణి తిన్నది: చారన్నం. మళ్ళీ చారన్నం.

తేల్చే రోజు. పద్ధతి ప్రకారం నేను మంగతాయారు కోసం లేచాను. చాలా చెప్పాలనుకుని వెళ్ళాను, చక్రవర్తుల నుంచి మొదలుపెట్టి. లేచాక ఆమె చేతులు కనిపించాయి. వల నేసే మనిషి చిరుగుని కళ్ళతో వెతుక్కుంటోందని, చాలు అనాల్సిన చోటు ఎవరికీ తెలియకపోవడం వల్లే అలా అయిందని, ఆ చోటు ఎక్కడో వెతికిపెట్టమని అడుగుదామని చెప్పి కూర్చున్నాను. నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అదే. కొందరు ఇంకా ఉందేమోనని కాసేపు ఎదురుచూశారు.

తరవాత ఆమె నా కోసం లేచింది. ఎర్రగీత గురించి చెప్పింది, సీసం గుళ్ళ గురించి చెప్పింది. అందరూ నవ్వారు. "నవ్వండి," అంది, "కానీ ఒక మనిషి మందు ఆగిపోకుండా ఉండటానికి సీసం మోస్తోందంటే, మనం ఆవిణ్ణి అడగాల్సింది ఏదో అడగలేదు."

బుల్లెబ్బాయి అక్క లేచింది. అందరి భయాన్నీ ఆమే బయటపెట్టింది. "చాలు అని తేలితే మందు మిగులుతుందని మావాడికి కోసేస్తారా? మా వాడి నోరు ఆలస్యంగా మారింది. రేపు వాడికి ఇంకా ఎక్కువ కావాలంటే ఇస్తారా?"

నాకూ అదే భయం. వీరవేణికి తుప్పు మొదటి విడతకే వచ్చింది. చాలనే మాట మా ఇంటికి కూడా రావచ్చు. మంచిదో కాదో నాకు తెలియదు. మంగతాయారే చెప్పింది, జవాబు వచ్చి, దాన్ని మళ్ళీ సరిచూసేదాకా ఎవరి విడతా ఆగదు, ఎవరి విడతా తగ్గదు, తక్కువ చాలినవాళ్ళకి తగ్గించినట్టే ఎక్కువ కావాల్సినవాళ్ళకి పెంచాలి, ఈ మాట ప్రశ్నతోపాటే రాయండి అని. రాశారు. అక్క కూర్చుంది.

ఇక ప్రశ్న ఒకటా రెండా అన్న చర్చ. పెద్దబుర్ర రెండు తీసుకోదు. నసీమా గారు లెక్క చూసి, ఆ నోళ్ళ సంగతే రెంటికీ కావాలి కాబట్టి ఒకటే అంది. చివరికి ఇలా కుదిరింది: మందు మొదలయ్యాక నోరు మారే తీరుని బట్టి, ఎవరికి ఎన్ని విడతలు కావాలో, ఆ రోజుల్లో వాళ్ళకి ఏ తిండి ఒంటబడుతుందో చెప్పగలమా?

చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. నసీమా గారు కూడా ఎత్తేసి, తనకి ఓటు లేదని గుర్తొచ్చి, ఆ చేత్తో జుట్టు సర్దుకుంది.

ఆషాఢ బహుళ పంచమి. గాలి నైరుతి, ఈ ఏడాదిలోకెల్లా పెద్దది. అల ఇల్లెత్తు. వీరవేణి తిన్నది: నన్ను కూడా తినేసేలా ఉంది.

పొద్దున్న ఊళ్ళో దీపాలన్నీ ఒక్కసారి మందగించాయి. పెద్దబుర్ర ఆలోచించడం మొదలుపెట్టిందన్నమాట. ఇక ఈ వర్షాకాలమంతా వంటలు పగలే ముగించుకోవాలి, ఇస్త్రీలు బంద్. ఎవరూ సణగలేదు. జనం అరుగుల మీదికి వచ్చి సముద్రంకేసి చూశారు, ఏదో కనిపిస్తుందన్నట్టు.

మధ్యాహ్నం తూకం. నర్సమ్మ ముందు వీరవేణి కుచ్చిళ్ళు దులిపింది. ఏమీ రాలలేదు. వీరవేణి చేతులు రెండూ చాపి, గాజులు కూడా తియ్యాలా అని అడిగి కాటా ఎక్కింది. అలలు పెద్దవి కావడంతో ముల్లు చాలాసేపు అటూ ఇటూ ఊగింది. ముల్లు నిలబడింది. ఎర్రగీత బాగా కింద ఉంది. ఐదో విడత రేపే.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు గిన్నెలు వరసగా ఉన్నాయి. ఊళ్ళో మందు పడుతున్నవాళ్ళ ఇళ్ళ నుంచి, సరంగు గారి చారు కొంచెం కావాలని. చింతపండు కోసం పక్క లంకకి కబురు పంపాల్సి వచ్చింది. వీరవేణి మంచం మీద కూర్చుని ఎవరి గిన్నెకి ఎన్ని గరిటెలో చెబుతోంది. తను చెబుతున్నంతసేపూ అది తన వంటకమే అన్నట్టుంది.

జవాబు వర్షాకాలం అయ్యాక వస్తుంది. ఏం వస్తుందో తెలియదు. మీరు ఇది చదివే నాటికి అది మీకు బళ్ళో చెప్పే సంగతి అయి ఉంటుంది, లేకపోతే ఎలుకల పక్కన ఇంకో తమాషాగా మిగిలి ఉంటుంది. మీకు చెప్పాల్సింది ఒకటే. ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి ఏమడుగుతుందో మీకు తెలుసనుకుంటారు. నేనూ అనుకున్నాను. బయటికి వెళ్ళి తాడు మీద కూర్చోండి, లోపల ఇంకొకర్ని అడగనివ్వండి.

ఇందాక వీరవేణిని అడిగాను, విడతలన్నీ అయిపోయి నోరు మామూలయ్యాక ఈ చారు మళ్ళీ నిషేధమేనా అని.

"ఆ రోజు గిన్నె ఎత్తి సముద్రంలో పోస్తాను," అంది, ఇంకో గరిటె పొయ్యమని గిన్నె చాపుతూ.

పోశాను. ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నాను.